కాలి మీద కొలత

గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో నా పక్క సీటావిడ పసుప్పచ్చ దారంతో చంటిపిల్లకి క్రోషా గౌను అల్లుతోంది. అల్లిక చక్కగా ఉంది. అదే నాకు గిట్టలేదు.

"మెడ ఇరుకైంది. పిల్ల తల పడుతుందా?" అన్నాను.

"పట్టకేంది? రోజూ నీళ్లు పోసేదాన్ని, మనుమరాలి తల ఎంతుంటదో నాకు తెల్వదా!" అని నవ్వింది. కాలు కాస్త చాపి, సగం గౌనును మోకాలి కింద పరిచింది. "కాళ్ల మీద పండవెట్టుకుంటే గీడిదాక వస్తది. ఇంకో రెండు వరుసలు అల్లాలె. మీకున్నదా అక్కా, మనుమరాలు?"

"ఎందుకు లేదు? ఉంది," అన్నాను. రెండు నెలలుగా దానికి నీళ్లు పోసేది మా కోడలి తల్లేనని, నా కాళ్ల మీద అది ఒక్కనాడూ పడుకోలేదని చెప్పలేదు.

"మరి మీరూ ఒకటి అల్లుండ్రి," అని సలహా పారేసి, పెబ్బేరులో దిగిపోయింది.

బస్సు కదిలాక సంచిలోంచి నా గులాబీరంగు గౌను తీశాను. ఫోనులో మనుమరాలి ఫొటోలు చూసి నేను అల్లినది. నేనూ కాలు చాపి, మోకాలి కింద పరిచాను.

పొట్టో పొడుగో నా కాలికి తెలియలేదు.