మార్తమ్మ సైకిలు

మొన్న తల్లాడలో బండి పంక్చరైంది. షాపతను ట్యూబుకు రాసిన సొల్యూషన్ వాసన తగలగానే యేసుపాదం మామ గుర్తొచ్చాడు. మామ నాకు చుట్టం కాదు. ములకలపల్లిలో మా పక్కింటాయన, బొగ్గుగనిలో చేసి రిటైరైనవాడు. ఆయన భార్య మార్తమ్మ మిషన్ దవాఖానాలో నర్సు. మేం ఆయన పక్కింట్లోకి రాకముందే చనిపోయింది.

ఆ ఊళ్లో ఉండగా ఒక ఏడు, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తున్న నేనూ, నా భార్య సుజాతా ప్రభుత్వ టీచరు పరీక్ష రాశాం. ఒకే పుస్తకాలు పంచుకుని చదివాం. ఉద్యోగం ఆమెకొచ్చింది, నాకు రాలేదు. మిఠాయి నేనే పంచాను. కానీ ఆ వారం నుంచే కూరలో ఉప్పు తక్కువనిపించసాగింది. బడికి అడవి దారి, ఆడమనిషి ఒక్కతీ ఎలా వెళ్తుందని, చేరొద్దన్నాను. సుజాత వాదించలేదు. ఆర్డరు కాగితం మడిచి బీరువాలో పెట్టింది. చేరడానికి ఇంక నాలుగు రోజులే గడువు.

గోడవతల నుంచి మామ విన్నట్టున్నాడు. సాయంత్రం పిలిచి టీ ఇచ్చాడు.

"ఏంది రవీ, సుజాతను పోవద్దన్నవట?"

"అడవి తొవ్వ గద మామా. ఇజ్జత్ గల ఇల్లు మాది."

"గదే నౌకరి మీ తమ్మునికొస్తే, కుళ్లుకుంటున్ననని నీకే తెలుస్తుండె. పెండ్లానికొచ్చింది గాబట్టి దానికి ఇజ్జతని పేరు వెట్టినవ్."

ఒళ్లు మండి లేవబోయాను. మామ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నా సంగతి ఇను. మార్తమ్మను ఊరంతా సిస్టరమ్మా అని లేచి దండం పెడుతుండె. నన్నేమో సిస్టరమ్మ మొగుడంటుండ్రి. ఓర్వలేకపోయిన. పొద్దుగాల ఆమె లేవకముందే, దవాఖానకు పోయే ఆమె సైకిల్ టైరుకు పిన్ను గుచ్చుతుంటి. ఒక్కసారి గాదు, వానకాలమంతా."

"ఆమెకు తెల్వదా?"

"తెలుసు. 'ఈ తొవ్వల ముండ్లెక్కువైనయ్' అనుకుంట బురదల నడిచి పోతుండె. ఒక్కనాడన్న తిట్టలె. తిడితే మాఫీ అడుగుదునేమో. ఇప్పుడు ఎవల్నడగాలె?"

టీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఇంటికొచ్చి సుజాత ముందు నిలబడ్డాను.

"తొవ్వ గురించి కాదు. నీకొచ్చింది, నాకు రాలేదని కుళ్లు."

ఆమె నా మొహంలోకి చూసింది. "తెలుసు. నీ నోటితోని అంటవా, అనవా అని చూస్తున్న."

మర్నాడు నేనే బండి మీద దింపి వచ్చాను. తిరిగొచ్చేటప్పటికి కడుపులో మంట పూర్తిగా చల్లారిందని మాత్రం చెప్పను.

మామ పోయి ఆరేళ్లయింది. సుజాత ఇప్పుడు హెడ్మాస్టరు, నేనింకా ప్రైవేటు బడిలోనే. ఆ కుళ్లు ఎప్పుడైనా తలెత్తితే దానికి వేరే పేరు పెట్టను. పోయిన నెల ఆమెకు సన్మానం చేశారు. ఇంటికొచ్చాక, "ఇయ్యాల నాకు జర కుళ్లుగున్నది" అన్నాను.

"అయితే నువ్వే కప్పుకో, చలిగున్నది" అని నవ్వుతూ సన్మానం శాలువా నా భుజాల మీద వేసింది.

వెచ్చగానే ఉంది.