నాగాయలంక అన్నదమ్ముల ఆఫ్రికా ప్రయాణం

2022 వేసవి చివర్లో నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నం రవాణా శాఖ కార్యాలయానికి బదిలీ చేశారు. మోటారు వాహనాల తనిఖీ అధికారిగా అది నా ఆఖరి పోస్టింగు. ఆర్డరు మీద హోదా అంత పొడుగ్గా ఉన్నా ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్ళు నా సర్వీసు మొత్తంలో లేరు. లారీ డ్రైవరు మొదలుకొని మా చర్చిలో పాస్టరు గారి దాకా అందరికీ నేను బ్రేక్ ఇన్‌స్పెక్టర్నే. మొదట్లో చిరాకుగా ఉండేది, తర్వాత నేనే ఫోనులో అలా చెప్పుకోవడం మొదలుపెట్టాను.

మా పని ముఖ్యంగా మూడు రకాలు. లైసెన్సు కోసం వచ్చేవాళ్ళకు టెస్టు పెట్టడం, బస్సులకూ లారీలకూ ఫిట్‌నెస్ చూడటం అందరికీ తెలిసినవే. మూడోది బయటికి అంతగా తెలియదు. రోడ్డు ప్రమాదంలో ప్రాణం పోతే పోలీసులు ఆ బండిని మాకు చూపిస్తారు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు పరీక్షించి, బండిలో లోపం వల్ల ప్రమాదం జరిగిందా లేదా అన్నది మేం రాసివ్వాలి. ఆ బండ్ల దగ్గరికి వెళ్ళొచ్చిన రోజుల్లో నేను ఇంట్లో పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. మా ఆవిడకు అది అలవాటై, ఆ పూట ఏమీ అడిగేది కాదు.

ఆ ఏడాది వానాకాలంలో ఇద్దరు అన్నదమ్ములు నా గదికి వచ్చారు. పెద్దాయన ఏడుకొండలు, చిన్నాయన శివ. ఇద్దరూ నలభై దాటినవాళ్ళు. నాగాయలంక దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. ఏడుకొండలు వ్యానులో చేపలు వేసుకుని చల్లపల్లి, గుడివాడ మార్కెట్లకు తిరుగుతాడు. శివ కుర్రతనంలో వేట బోటు మీద పనిచేసి, తర్వాత సరుకు ఓడల్లో ఇంజను మెకానిక్కుగా చేరి దేశాలు తిరిగి వచ్చాడు. రెండు మోటారు సైకిళ్ళను చెన్నైలో ఓడెక్కించి కెన్యాలోని మొంబాసాలో దించుకుని, అక్కణ్ణుంచి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ దాకా నడుపుకుంటూ వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన. దానికి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అంటే మన లైసెన్సును పరాయి దేశంలో గుర్తించడానికి మా ఆఫీసు ఇచ్చే అనుమతి. ఏడాది పాటు చెల్లుతుంది.

పర్మిట్ సంగతి తర్వాత, ముందు మోటారు సైకిలు లైసెన్సులు చూపించమన్నాను. శివ లైసెన్సు అతను ఓడలో ఉండగానే గడువు తీరి చాలాకాలమైంది. ఏడుకొండలుకు వ్యాను నడిపే లైసెన్సు ఉంది గానీ మోటారు సైకిలుకు లేదు. ఇన్నేళ్ళుగా బండి ఎలా నడుపుతున్నావయ్యా అంటే, "మన దివిసీమలో ఎవరాపుతారు సార్!" అన్నాడు, ఆపాల్సినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని. ఇద్దరినీ ఎల్ఎల్ఆర్ తీసుకుని, నెల దాటాక టెస్టుకు రమ్మన్నాను.

ఆ నెలరోజుల్లో నేనే వాళ్ళ ప్రయాణంలో ఇరుక్కున్నాను. శివ మ్యాపు పట్టుకుని సందేహాలకు వచ్చేవాడు. సముద్రాలు దాటినవాడికి నేను దారి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అయినా, రోడ్డు సంగతులు నాకు కొంత తెలుసు. వాళ్ళు అనుకున్న దేశాలన్నీ మనలాగే ఎడమ పక్కన నడిపేవే. అది మంచి ఎంపిక అని చెప్పాను. కుడి పక్క దేశాల్లో మనవాళ్ళు తప్పు చేసేది ఎక్కువగా పొద్దున్నే, ఖాళీ రోడ్డు మీద బండి ఎక్కిన మొదటి నిమిషంలో. మసక చీకటి పడేలోపు బండి ఆపెయ్యాలన్నాను. కార్నే గురించి నాకూ అప్పుడే తెలిసింది. అది బండికి పాస్‌పోర్టు లాంటిది. తెచ్చిన బండిని మళ్ళీ దేశం దాటిస్తామని సరిహద్దులో హామీ ఇస్తుంది. రాష్ట్రం దాటి బండి నడిపి ఎరగని నాకు ఆ మ్యాపు చూస్తుంటే సరదాగా ఉండేది.

టెస్టుకు వారం ముందు వాళ్ళమ్మ నాంచారమ్మ గారు ఒక్కతే బస్సులో బందరు వచ్చింది. వస్తూనే బల్ల మీద ఎండు రొయ్యల పొట్లం పెట్టింది. తీసెయ్యమన్నాను. "లంచం కాదు బాబూ, వంకాయలో వేసుకోడానికి" అంది. ఎలాగో తిరిగి సంచిలో పెట్టించాను. అప్పుడు అసలు మాట చెప్పింది.

"మా ఊళ్ళో ఒక కడుపున పుట్టినోళ్ళు ఇద్దరు ఒక బోటు ఎక్కరు బాబూ. ఎక్కితే సరంగు ఒకణ్ణి దించేస్తాడు."

సరంగు అంటే బోటు నడిపే పెద్ద. ఎవరు ఎక్కాలో, ఎవరు దిగాలో అతని మాటే మాట. ఇంట్లో ఆడవాళ్ళను అడగరు. నాంచారమ్మ గారు కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకు ఒకసారి మనుషులు చాలక ఆ నియమం తప్పారట. భర్త, మరిది ఒకే బోటులో వేటకు వెళ్ళారు. వాయుగుండం పట్టింది. ఆ ఇంట్లో పిల్లలిద్దరూ ఆవిడా మిగిలారు. ఆ సంగతి ఆవిడ ఏడవకుండా, గబగబా చెప్పేసింది.

కొడుకులతో ఈ మాట అన్నారా అని అడిగాను. అన్నదట. రెండు బళ్ళు గనక రెండు బోట్ల లెక్కని శివ వాదించాడట.

"బళ్ళు రెండైతే ఏం బాబూ, దారొకటే కదా. గాలొస్తే ఇద్దరికీ ఒకటే గాలి."

తర్వాత నా వైపు వంగి, టెస్టులో ఇద్దరిలో ఒకణ్ణి తప్పించమంది. ఎవర్ని అని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "నన్నడక్కండి. నేను చెప్పకూడదు. మీరే చూడండి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది నా పని. బాగా నడిపినవాణ్ణి ఫెయిలు చేసే అధికారం నాకు లేదనీ, అలా చేస్తే అది తప్పనీ నెమ్మదిగా చెప్పాను. ఆవిడ "అయితే మీరు సరంగు కాదన్నమాట" అని లేచి వెళ్ళిపోయింది. ఆ మాట నాకు గుచ్చుకుంది.

మూఢనమ్మకమని కొట్టిపారేసే స్థితిలో నేను లేను. ముదినేపల్లి దగ్గర మా ఊళ్ళో మా అమ్మ ప్రార్థన చెయ్యందే ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. బస్సు వెళ్ళిపోతుందన్నా ఆమెన్ దాకా ఆగాల్సిందే. పైగా జంటగా వెళ్ళిన బండ్లను నేను కొన్ని పరీక్షించాను. వెనకవాడు రోడ్డు చూడడు, ముందువాడి వెనక లైటు చూస్తాడు. ముందు బండి పడితే వెనక బండి దాని మీదికే వెళ్తుంది. ఒక కేసులో అన్నదమ్ములు. రెండు బండ్లలోనూ లోపం లేదని రాసిచ్చి వచ్చాను.

టెస్టు రోజున ఇద్దరూ వచ్చారు. నేల మీద ఎనిమిది అంకె గీసి ఉంటుంది. కాలు కింద పెట్టకుండా ఆ గీతల మధ్య బండి తిప్పాలి. శివ నీళ్ళు తాగినంత సులువుగా తిప్పాడు. ఏడుకొండలు వ్యాను అలవాటుతో మలుపు వెడల్పుగా తీసుకుని, సర్దుకోబోయి కాలు పెట్టేశాడు. ఫెయిల్ అని రాశాను. వారం తర్వాత మళ్ళీ రావచ్చని చెప్పాను. ఏడుకొండలు తల వంచుకుని బండి తోసుకుంటూ వెళ్ళాడు. అడగకుండానే ఆ తల్లి కోరిక తీరినట్టయింది గానీ నాకు సంతోషం కలగలేదు.

వారానికి మళ్ళీ వచ్చాడు. బండి కదిలాక, అతని కాలు నేలకు తగిలితే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. తగల్లేదు. పాస్ అని రాసి, తోడు వచ్చిన శివతో పాటు అతన్ని గదిలోకి పిలిచాను. వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చిన సంగతి చెప్పాను. శివ మొహం ముడుచుకున్నాడు. ఏడుకొండలు మాత్రం నా వైపు తిరిగి అన్నాడు.

"ఒకడు ఆగాలంటే ఆగేది నేనే సార్. ఎప్పుడూ దిగింది నేనే."

పదిహేడేళ్ళ వయసులో తమ్ముడితో కలిసి బోటు ఎక్కితే, సరంగు ఇద్దరినీ చూసి, నీకు లెక్కలొచ్చు గదా ఒడ్డున చేపలమ్ముకో అని ఇతన్ని దింపేశాడట. బోటు మీద తమ్ముడు వెళ్ళాడు, తర్వాత ఓడ మీద తమ్ముడే వెళ్ళాడు. అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గనక ఇతను ఉండిపోయాడు. తమ్ముడు ఓడ దిగి వచ్చి ఈ ప్రయాణం మాట ఎత్తినప్పుడు, తన జీవితంలో మొదటిసారి తాను కూడా ఎక్కుతున్నానని అనుకున్నాడట. ఇదంతా అతను నాతో చెప్పాడు, తమ్ముడి వైపు చూడలేదు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారన్నా అనలేదేంట్రా అన్నయ్యా!" అన్నాడు శివ.

అప్పుడు నాకు తోచింది చెప్పాను. రెండు బండ్లు వద్దు, ఒకటే బండి. సగం దారి అన్న నడిపి విమానంలో తిరిగి వస్తాడు, మిగతా సగం తమ్ముడు వెళ్ళి నడుపుతాడు. బండి అన్న పేరున ఉంటుంది గనక తమ్ముడు నడపడానికి యజమాని రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి. తర్వాత కార్నే ఇచ్చేవాళ్ళను అడిగితే దానికి పద్ధతి ఉందన్నారు. పర్మిట్లు ఎలాగూ ఎవరివి వాళ్ళకే. ఇద్దరూ ఒకేసారి దారి మీద ఉండరు, ఇంటి దగ్గర ఎప్పుడూ ఒకరుంటారు.

ఇదే మాట ముందు రోజు చెప్పి ఉంటే శివ ఒప్పుకునేవాడు కాదు. కలిసి వెళ్ళనప్పుడు ఎందుకు సార్ అని మ్యాపు మడిచేసేవాడు. ఆ రోజు మాత్రం, "మొదటి సగం అన్నయ్యదే సార్. ముందు వాడే ఎక్కాలి" అన్నాడు.

ఒక చిక్కు మిగిలింది. బండి ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలంటే, జాంబియాలో జలపాతం పక్కన ఉన్న లివింగ్‌స్టన్ అనే ఊళ్ళో ఇద్దరూ ఒకేసారి ఉండాలి. అన్న పగలు బండి అప్పగించి, ఆ సాయంత్రమే విమానం ఎక్కేలా శివ ప్లాను గీశాడు. అమ్మకు ఈ సంగతి చెప్పే ధైర్యం ఇద్దరికీ లేదు. నన్ను రమ్మన్నారు. మధ్యవర్తిగా వెళ్ళడం మా శాఖ విధుల్లో లేదు, అయినా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నాగాయలంక బస్సెక్కాను.

నాంచారమ్మ గారు అంతా విన్నది. అన్న ముందు వెళ్తాడనే సరికి పెద్దకొడుకు వైపు తిరిగి చూసింది. లివింగ్‌స్టన్ మాట శివ నసుగుతూ చెప్పాడు. ఒక్క పూటేనమ్మా, సాయంత్రానికి అన్నయ్య విమానం ఎక్కేస్తాడు అన్నాడు.

"అక్కడ బండి నడుస్తా ఉంటదా, ఆగుంటదా?" అని అడిగింది.

ఆగే ఉంటుందన్నాడు.

"ఆగితే ఒడ్డే కదరా. ఒడ్డు మీద ఎంతమందైనా ఉండొచ్చు. ఒక్క పూటేంటి, వారం ఉండండి ఇద్దరూ."

మరుసటి ఏడాది ఆ ప్రయాణం జరిగింది. ఏడుకొండలు మొంబాసా నుంచి లివింగ్‌స్టన్ దాకా నడిపాడు. అక్కడ వారం పాటు బండికి స్టాండు వేసి అన్నదమ్ములిద్దరూ కాలినడకన తిరిగారు. ఆ వారం ఇంటి దగ్గర కొడుకులెవరూ లేరు. నాంచారమ్మ గారు పక్కింటివాళ్ళను కూడా తోడు పిలవలేదట. అన్న ఇల్లు చేరాక తమ్ముడు బండి తీశాడు. నేను రిటైరయ్యే నాటికి శివ కూడా కేప్‌టౌన్ చూసుకుని క్షేమంగా తిరిగి వచ్చాడు.

అంతవరకు దూరప్రయాణానికి ప్లాను అంటే దారి, బండి, అనుమతులు అనే నా లెక్క. అడ్డు చెప్పినవాళ్ళతో వాదించడమో, వాళ్ళకు తెలియకుండా బయల్దేరడమో తప్ప, వాళ్ళ అడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కనుక్కోవడం కూడా ప్లానులో భాగమని నాకు తోచలేదు. ఇప్పుడు బండి మీద దేశాలు తిరగాలనే కుర్రవాళ్ళు సలహాకు ఇంటికి వస్తుంటారు. మ్యాపు తెరవకముందే, వద్దన్నది ఎవరు, సరిగ్గా దేన్ని వద్దన్నారు అని అడుగుతాను. మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెబుతారు. రెండోదానికి చాలామంది మళ్ళీ ఇంటికి వెళ్ళి అడిగి రావాల్సి వస్తోంది.