తాడుకు అటు చివర

థెమెలీనా సముద్రంలో కాలు పెట్టనని ఒట్టేసుకున్న మనిషి. ఎటు చూసినా నీళ్ళే ఉన్న మా కలిమ్నోస్ దీవిలో ఉంటూ ఇదేం ఒట్టమ్మా అని ఆడవాళ్ళు చాటుగా నవ్వుకునేవారు. నవ్వరూ మరి! వాళ్ళ మొగుళ్ళు ఇంట్లో గురకలు పెడుతూ పడుకున్నారు. ఆమె మొగుడు స్కేవోస్ ఆఫ్రికా ఒడ్డున, సముద్రం అడుగున పెరిగే స్పాంజి కోసం నీళ్ళలో దిగినవాడు మళ్ళీ ఇంటి గడప తొక్కలేదు. అప్పటికి పెళ్ళయి రెండు చలికాలాలైనా గడవలేదు.

చిన్నపిల్లప్పటి నుంచీ ఆమెది స్పాంజి కొట్టులో పని. పడవల్లోంచి తెచ్చి కుప్ప పోసిన స్పాంజిలను కర్రతో బాది ఇసుక రాల్చాలి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించాలి. ఆ పనిలోనే నడుం వంగింది, వేళ్ళు కొంకర్లు పోయాయి. నోరు మాత్రం కత్తెరకన్నా పదునుగా మిగిలింది. మారుమనువు మాటెత్తిన పెద్దమనిషిని గుమ్మంలోనే నిలేసి, "మా ఆయన వస్తూ పోతూనే ఉన్నాడు, ఇంకొకడికి చోటెక్కడుందీ?" అంది. అందరూ అది ఎకసెక్కమనుకున్నారు. కాదు, ఆమె నిజమే చెప్పింది.

నీళ్ళలో మునిగినవాడికీ, పైన పడవలో తాడు పట్టుకున్నవాడికీ మధ్య మాటలుండవు. తాడే మాట్లాడాలి. కిందినుంచి ఒక్కసారి గుంజితే తాడు వదలమని. రెండుసార్లు గుంజితే పైకి తీయమని. పైనున్నవాడు తీసేముందు తనూ రెండుసార్లు గుంజి బదులివ్వాలి, 'విన్నాను, ఇక్కడే ఉన్నాను' అని. ఆ బదులు రాకపోతే కిందివాడు పైన ఎవరూ లేరనుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో స్కేవోస్ ఒక నూలుదారం తన మణికట్టుకు కట్టుకుని, రెండో కొస ఆమె మణికట్టుకు కట్టి, తన తల్లి ఎదుటే భోజనానికి కూర్చుని బల్లకింద రెండుసార్లు గుంజేవాడు. థెమెలీనా తలొంచుకుని రెండుసార్లు గుంజేది. "తిండి దగ్గర ఏమిటే ఆ ముసిముసి నవ్వులు?" అని అత్తగారు కసిరేది.

అతను పోయిన మరుసటి ఈస్టర్ నుంచి మొదలైంది. ఈస్టర్‌కు మావాళ్ళు కొండల మీద డైనమైట్ పేలుస్తారు. కిటికీలు గడగడలాడిపోతాయి. ఆ పండుగ కాగానే పడవలు ఆఫ్రికాకు బయల్దేరేవి. ఆ ఏడు పేలుళ్ళు ఆగి ఊరు సద్దుమణిగిన నిమిషంలో, ఎవరో దారం కట్టినట్టు ఆమె కుడి మణికట్టు బిగుసుకుంది. కనబడని ఆ దారం రెండుసార్లు గుంజింది. పైకి తీయమని.

ఇక ఏటేటా అంతే. ఆమె మంచం మీద కూర్చుని గాల్లో చెయ్యి గుంజి బదులిచ్చేది. కానీ అది ఆయనకు అందితే మళ్ళీ ఏడు ఎందుకు గుంజుతాడు? నీళ్ళలో ఉన్నవాడికి బదులు నీళ్ళ మీదినుంచి వెళ్ళాలిగానీ పడకగదిలోంచి కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ పడవెక్కడానికి కాళ్ళు రాలేదు. పైన ఎవరూ లేరనుకుంటూ ఆయన అక్కడ, భయంతో తను ఇక్కడ. ఈ బాధ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు, తమ్ముడికి కూడా.

తమ్ముడికి అసలే చెప్పలేదు. ఆ రోజు స్కేవోస్ తాడు పట్టుకున్నది ఈ తమ్ముడు సకెలారిసే. అప్పటికి మూతిమీద మీసం కూడా సరిగా మొలవలేదు. బావను ఆఫ్రికా ఒడ్డున ఇసుకలో పూడ్చిపెట్టామని చెప్పి, సమాధి మీది ఇసుక అంటూ ఒక చిన్న గుడ్డమూట అక్క చేతిలో పెట్టి భోరుమన్నాడు. ఆ తర్వాత అక్కాతమ్ముళ్ళ మధ్య ఆ మాట రాలేదు. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. పొద్దున్నే గుమ్మంలో కలిసే కాఫీ తాగుతారు. మేకల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, ఆ ఒక్కటీ తప్ప.

సకెలారిస్ కూతురు నొమికీకి క్రూజ్ ఓడలో ఉద్యోగం. మొన్న ఎండాకాలం చివర వచ్చి, మధ్యధరా సముద్రమంతా చుట్టివచ్చే ప్రయాణానికి ఇంటివాళ్ళను ఇద్దరిని తీసుకెళ్ళొచ్చని చెప్పింది. సకెలారిస్ ఎగిరి గంతేశాడు. అప్పుడు ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతున్న థెమెలీనా ససేమిరా అంది.

"నేను రానే పిల్లా. మీ నాన్నని తీసుకుపో, నాలుగు రోజులు నా చెవులకి సుఖం."

"అత్తా, అది ఓడ కాదు, ఊరు. సముద్రం మీద ఉన్నట్టే తెలీదు నీకు. ఇటలీ, మాల్టా, ట్యూనిస్, అక్కణ్ణించి రెండ్రోజులు ఆఫ్రికా వెంబడే పోయి అలెగ్జాండ్రియా..."

థెమెలీనా చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"ఆఫ్రికా వెంబడే పోతుందా?"

"పోతుంది."

సకెలారిస్ లేచి మేకలకు నీళ్ళు పెట్టాలని బయటికి వెళ్ళిపోయాడు. మేకలకు అప్పటికే నీళ్ళు పెట్టి ఉన్నాయి.

అలా ఆమె ఒట్టు గట్టున పెట్టి ఓడెక్కింది. ఎక్కేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని నొమికీ చెయ్యి రక్కినంత పని చేసింది. తీరా కళ్ళు తెరిస్తే తివాచీలు, అద్దాలు, లిఫ్టులు! సముద్రమెక్కడో కింద ఉంది. పైఅంతస్తులో ఈత తొట్టె చూసి ఇద్దరూ ముక్కున వేలేసుకున్నారు.

"చుట్టూ ఇంత సముద్రం ఉండగా వీళ్ళకి తొట్లో నీళ్ళు కావాల్సొచ్చిందా?" అన్నాడు సకెలారిస్.

"తొట్లో మునిగినవాడు భోజనానికి తిరిగొస్తాడురా," అంది ఆమె.

స్నానాలగదిలో పసుపుపచ్చ ప్లాస్టిక్ స్పాంజి ఒకటి కనిపిస్తే వాసన చూసి, చీదరించుకుని చెత్తబుట్టలో పడేసింది. నల్లబట్టల్లో, నల్ల తలగుడ్డతో ఆమె నడవాలో నడుస్తుంటే నిక్కర్ల దొరలు పక్కకు తప్పుకునేవారు. ఇటలీలో దిగలేదు, మాల్టాలో దిగలేదు. ట్యూనిస్ రేవు దాటాక మాత్రం ఇంటినుంచి తెచ్చిన గోధుమలు తీసి, వంటశాలలో ఉడకబెట్టించుకు రమ్మని నొమికీకిచ్చింది. చనిపోయినవాళ్ళ కోసం మేం గోధుమలు ఉడికించి, చక్కెర, దానిమ్మ గింజలు కలిపి పంచుతాం. వంటవాడు ఏ దేశంవాడో పాపం, మీగడ నురగ పోసి, మీద ఎర్రటి చెర్రీపండు పెట్టి పంపాడు.

"చచ్చినవాడికి పుట్టినరోజు చేస్తున్నాడా వీడు!" అని తిట్టుకుంటూ నురగంతా చెంచాతో గీకిపారేసింది. సకెలారిస్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

మర్నాడు పొద్దుటినుంచీ అతను గదిలో టీవీ ముందు కదలకుండా కూర్చున్నాడు. అందులో ఓడ ఎక్కడుందో పటం మీద చూపిస్తారు. ఆఫ్రికా ఒడ్డు పక్కన చిన్న ఓడబొమ్మ చీమలా పాకుతోంది. థెమెలీనా అతని పక్కన కూర్చుంది.

"ఎక్కడరా?"

"ఒడ్డున. ఇసుకలో. చెప్పాను కదక్కా."

"సకెలారీ, నువ్వు తెచ్చిన ఇసుక మన ఊరి రేవుది. ఆఫ్రికా ఇసుక స్పాంజిల్లోంచి బాదీ బాదీ నా ఊపిరితిత్తుల నిండా ఉంది. నాకు తెలీదనుకున్నావా? మూట విప్పిన రోజే తెలుసు."

అతను టీవీ మీంచి చూపు తిప్పి ఆమెను చూశాడు. "మరెందుకు అడగలేదు?"

"నాకన్నా నువ్వే ఎక్కువ ఏడుస్తున్నావు. చిన్న వెధవ్వి. ఏమని అడగను?"

అప్పుడు చెప్పాడు. బావ దొరకనేలేదు. తాడు లాగితే తెగిన కొస ఒక్కటే పైకొచ్చింది. రెండ్రోజులు వెతికి, పడవ యజమాని ఇక చాలన్నాడు. వట్టిచేతులతో అక్క దగ్గరికి ఎలా వెళ్ళాలో తెలియక, మన రేవులో దిగగానే గుప్పెడు ఇసుక మూటగట్టాడు.

థెమెలీనా అంతా విని ఒకటే అడిగింది. "రెండుసార్లు గుంజాడా?"

"గుంజాడు."

"నువ్వు బదు..."

"ఇచ్చానక్కా. బదులిచ్చాను. ఇచ్చాకే లాగాను."

మాట పూర్తికాకుండానే చెప్పేశాడు. ఆమె తల ఊపింది. అతను టీవీ వైపు తిరిగి, ఒడ్డు ముక్కులా పొడుచుకొచ్చిన చోట వేలు పెట్టి చూపించాడు. "ఈ కొస దాటగానే."

బాల్కనీలోకి వెళ్ళారు. థెమెలీనా సంచిలోంచి చేపలు పట్టే దారం ఉండ తీసింది. కొసకు ఒక చిన్న చదునురాయి, గుడ్డలో కట్టిన ఉడికించిన గోధుమలు. సముద్రంలోకి ఏమీ వేయకూడదని నొమికీ చెప్పే ఉంది. అత్త విని ఊరుకుంది, అంతే. దారం వదులుతూ పోయింది. అంతస్తులకు అంతస్తులు దాటి, ఎట్టకేలకు రాయి నీళ్ళలో పడింది. ఓడ వేగానికి దారం వెనక్కి ఈడ్చుకుపోతూ ఆమె వేళ్ళు కోసేస్తోంది. సకెలారిస్ రెండు చేతులతోనూ పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె దారాన్ని రెండుసార్లు గుంజింది. "ఉన్నానయ్యా," అంది గట్టిగా. "ఆలస్యమైంది. కానీ ఉన్నాను."

దారం ఈడుస్తూనే ఉంది. ఈడవడం వేరు, గుంజడం వేరు. పెళ్ళయిన కొత్తలో బల్లకింద నేర్చుకున్న తేడా అది, మర్చిపోయేది కాదు. కాసేపటికి దారం గుంజింది. ఒక్కసారే. తాడు వదలమని.

ఆమె వెంటనే తమ్ముడి చేతులవైపు చూసింది. అవి పిట్టగోడ మీదే ఉన్నాయి.

ఎన్నో ఏళ్ళుగా పైకి తీయమన్న మనిషి ఇప్పుడు వదలమంటున్నాడు. వదలడానికా ఇంతదూరం వచ్చిందీ! ఏడ్చింది, తిట్టింది, "ఇంకాసేపుండు" అని బతిమాలింది. చివరికి వేళ్ళు తెరిచింది. దారం ఉండ గిరగిరా తిరిగి గోడమీంచి మాయమైంది.

ఈ ఏడు ఈస్టర్ వచ్చింది. అక్కాతమ్ముళ్ళు గుమ్మంలో కాఫీలు పెట్టుకుని కూర్చున్నారు. కొండల మీద డైనమైట్ పేలింది, కిటికీలు గడగడలాడాయి, ఊరు సద్దుమణిగింది. థెమెలీనా కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఊపిరి బిగబట్టింది. ఏమీ లేదు. మణికట్టు మామూలు మణికట్టులాగే ఉంది. అందరూ విధవ అన్న ఇన్నేళ్ళలో ఆమె విధవ అయింది ఆ నిమిషానే. ఆయన్ని ఒడ్డుకు చేర్చానన్న తృప్తి రావలసిన చోట పెద్ద గొయ్యి పడ్డట్టయింది.

పక్కన కప్పు పగిలింది. సకెలారిస్ కాఫీ నేలపాలైంది. అతను ఎడంచేత్తో కుడి మణికట్టును బిగించి పట్టుకున్నాడు.

"ఏమైందిరా?"

"ఏం లేదక్కా. తిమ్మిరి."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఇసుకమూట తెచ్చిననాటి కుర్రవాడి ముఖమే అది. "నువ్వు బదు..." అని తను సగం అనగానే, అడగకముందే వచ్చిపడిన ఆ జవాబు గుర్తొచ్చింది. అంతే, అంతా అర్థమైంది. ఒళ్ళు భగ్గున మండింది. పైన ఎవరూ లేరనుకునే పోయాడన్నమాట ఆయన! కాలిపోతున్న కళ్ళతో తమ్ముణ్ణి చూసింది. వాడికీ ముసలితనం వచ్చేసింది. ఇన్నేళ్ళూ తనకు మణికట్టులో ఉన్నది వీడికి గొంతులో ఉంది.

"ఎన్నిసార్లు?" అంది.

అతను రెండు వేళ్ళు చూపించాడు. "అక్కా, ఆ రోజు నేను... సిగరెట్టు వెలిగించుకుంటూ..."

"నాకొద్దు. నాకు చెప్పకు, ఆయనకి చెప్పు. లే. పడవ విప్పు."

రేవులో సకెలారిస్ చేపల పడవ ఉంది, ఇద్దరు పట్టేంత. మేమంతా పండుగబట్టల్లో నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, థెమెలీనా నల్లగుడ్డ తలకు బిగించి, కళ్ళు మూసుకోకుండా పడవలోకి దిగి కూర్చుంది. గట్టుమీద సకెలారిస్‌కు తాడు ముడి ఎంతకీ ఊడటం లేదు. ఆమె తొందరపెట్టకుండా అతని కోసం ఆగింది.