మూడో గేటు దగ్గర నిమ్మకాయ

దోహాకు నైరుతిలో అమెరికా సైనిక స్థావరం, మూడో గేటు. జూలై. నేను దిగిన రోజు ఉదయం ఆరింటికే నలభై డిగ్రీలు. ఒంటి మీద పద్నాలుగు కిలోల కవచం. లోపలికి పని చేయడానికి వచ్చేవాళ్లను సోదా చేయడం నా డ్యూటీ. తెలుగొచ్చిన సార్జెంటును నేనొక్కదాన్నే కాబట్టి దుబాసీని కూడా నేనే. ఆ వారమే వాషింగ్టన్ నుంచి హెచ్చరిక వచ్చింది: అనుమానం కలిగించేది ఏదైనా నమోదు చేయండి. దేన్ని అనుమానించాలో మాత్రం చెప్పలేదు.

తొమ్మిదో రోజు, ఆరూ నలభై. నీళ్ల ట్యాంకర్ కిందికి అద్దం పెట్టి చూసిన కాపలా సిపాయి రేడియోలో అరిచాడు.

"మూడో గేటు. బండి కింద నల్లగుడ్డ మూట. తీగ కనిపిస్తోంది."

అందరం ఇసుక బస్తాల వెనక్కి పరిగెత్తాం. డ్రైవర్ మల్లేశ్‌ను నేల మీద బోర్లా పడుకోబెట్టారు. జగిత్యాల మనిషి.

"ఆ మూటలో ఏముందయ్యా?" అని అరిచాను.

"నిమ్మకాయ, మిరపకాయలు, పటిక అక్కా! కొత్త బండికి దిష్టి తగుల్తదని కట్టిన. ముందల కడితే కంపెనీ సారు తీసి పారేసిండు. గందుకే కింద కట్టిన!"

అదే రేడియోలో చెప్పాను. బాంబు నిపుణుడు గంటా పది నిమిషాలు తీసుకుని అదే మాట చెప్పాడు.

"నిమ్మకాయే. కుళ్లింది కూడా."

అందరూ నవ్వారు. వదిలేస్తారనుకున్నాను. కానీ మా లెఫ్టినెంట్ వేలిముద్రల యంత్రం తెప్పించాడు.

"నిమ్మకాయకు వేలిముద్రలెందుకు సార్?"

"అనుమానితుల జాబితాలో చేర్చు. రేపేదైనా జరిగితే ఇతన్ని వదిలిందెవరని నన్నే అడుగుతారు."

"జాబితాలోంచి పేరు తీసే ఫారం ఎక్కడుంది?"

"అలాంటిది లేదు సార్జెంట్. కానివ్వు."

జాబితాకెక్కితే పాసు రద్దు. పాసు పోతే ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. అన్నీ తెలిసే యంత్రం అందుకున్నాను. మల్లేశ్ నిమ్మకాయ కడితే మూఢనమ్మకమట, మేం జాబితా కడితే భద్రతట! వాదించడం నాకు బాగా వచ్చు. ఆజ్ఞ మీరడమే రాలేదు. నాలుగు రోజులకు అతన్ని విమానం ఎక్కించేశారు.

అమెరికాకు తిరిగొచ్చాక మా ఊరి సభలో, వీధివీధికీ ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెట్టాలన్నారు. "తప్పు చేయనివాళ్లకు భయమెందుకు?" అంది పక్కింటావిడ. లేచి మల్లేశ్ సంగతి చెప్పాను.

"అదెక్కడో ఖతార్‌లో, పరాయివాళ్ల గొడవ కదా!"

"యంత్రం మనది, జాబితా మనది. పరాయివి వేళ్లే తల్లీ. రేపు నీ వేళ్లు పెట్టమంటారు" అన్నాను.

కెమెరాలే గెలిచాయి.

ఒక్క దృశ్యం మాత్రం నన్ను వదలదు. డ్రైవర్ కాకముందు మల్లేశ్ పదేళ్లు సిమెంటు పని చేశాడట. వేళ్లు అరిగిపోయి యంత్రానికి ముద్రలు అందలేదు. తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ పట్టుకుని అద్దానికి అదుముతున్నాను. అతను నావైపు ఆశగా చూశాడు.

"ఇంకింత గట్టిగ ఒత్తు అక్కా. సాఫ్‌గ పడితే ఇడిసిపెడ్తరు గదా?"

"ఆఁ" అన్నాను.