రంగు ఆరని బల్లలు

ఇరవై రెండేళ్లు ఆమె నిలబడే భోజనం చేసింది. ఆమె తోటపని చేసే పార్కు కేంద్ర ప్రభుత్వానిది. మొక్క నాటడం నుంచి గేటుకు తాళం వేయడం దాకా అంతా అక్కడి తోటల శాఖవాళ్లే చూస్తారు. అందులో నూట పద్నాలుగు బల్లలున్నాయి. వచ్చినవాళ్లు కూర్చుంటారు, కునుకు తీస్తారు, చెప్పులతో ఎక్కి ఫోటోలు దిగుతారు. తోటపనివాళ్లు మాత్రం కూర్చోకూడదు. చేరిన రోజే మేస్త్రి ఆ సంగతి చెబితే ఆమె తలూపింది. పంపు గది వెనక, మోటారు రొదలో, గోడకు వీపు ఆనించి డబ్బా ఖాళీ చేసేది.

కంచె మొక్కల్ని గీత గీసినట్టు కత్తిరిస్తుంది కాబట్టి అందరికీ ఆమె కత్తెరక్క. మాటా అంతే పదును. తన సంగతికొచ్చేసరికే నోరు మెదపదు.

నిరుడు ఎండాకాలంలో, ఏడో నెల కడుపుతో ఉన్న తోటి కూలీ కళ్లు తిరిగి ఒక బల్ల మీద కూలబడింది. సూపర్‌వైజర్ పుస్తకం తీశాడు. అందులో పేరెక్కితే పని పోయినట్టే.

కత్తెరక్క వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది.

"రాయండి సార్. పెద్దదాన్ని, ముందు నా పేరు రాయండి."

"ఏంటక్కా, నువ్వు కూడానా! రూలు తెలీదా?"

"విన్నాను గానీ ఎప్పుడూ చూళ్లేదు. గేటు దగ్గర బోర్డు మీద పన్నెండు రూల్సున్నాయి. బంతి ఆడొద్దని కూడా ఉంది. ఇదెక్కడుంది?"

"ఆఫీసులో ఉంటుంది."

"అయితే తెచ్చి చూపించండి. ఈ చెల్లికి లేచే ఓపిక లేదు, నాకు లేచే ఉద్దేశం లేదు."

సూపర్‌వైజర్ పేర్లు రాయకుండానే పుస్తకం మూశాడు. "ఆఫీసులోనే తేల్చుకో" అని గొణిగి అతను వెళ్లిపోయాడు.

మర్నాడే ఆమె ఆ రూలు చూపించమని ఆఫీసులో అర్జీ పెట్టింది. ఆఫీసువాళ్లు మూడు వారాలు బీరువాలన్నీ తిరగేస్తే దొరికింది ఒకే ఒక్క కాగితం. ఎప్పుడో ఒక మంత్రి వస్తున్నాడని బల్లలకు రంగులేయించినప్పుడు ఇచ్చిన ఉత్తర్వు అది: "రంగు తడిగా ఉన్నందున సిబ్బంది కూర్చోరాదు." మేస్త్రులు మారారు. మాట మాత్రం ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి పాకుతూ వచ్చింది. రంగు ఆరి ఇరవై ఆరేళ్లయినా ఉత్తర్వు ఆరలేదు!

"ఒకసారి ముట్టుకుని చూడండి సార్, ఆరిందేమో!" అంది కత్తెరక్క ఆఫీసులోని అధికారితో. ఆఫీసంతా గొల్లుమని నవ్వింది. ఆ సాయంత్రమే అధికారి ఉత్తర్వు రద్దు చేస్తూ సంతకం పెట్టాడు. ఆ చెల్లి పని నిలిచింది.

మీ దగ్గరి ప్రభుత్వ పార్కులో తోటపనివాళ్లు మధ్యాహ్నం ఎక్కడ తింటున్నారో వెళ్లి చూడండి. నిలబడి తింటుంటే అయ్యో అనుకుని వచ్చేయకండి. ఏ ఉత్తర్వు ప్రకారమో ఆఫీసును రాతపూర్వకంగా అడగండి. అర్జీ కింద మీరూ సంతకం పెట్టండి, ఇరుగుపొరుగుతోనూ పెట్టించండి. ఒక్క కూలీ అర్జీని పక్కన పడేసినంత తేలిగ్గా పదిమంది అర్జీని పడేయలేరు.