విప్పని జీను

విజయనగరంలో నెలకో ఆదివారం మధ్యాహ్నం, ఒక పాత గ్రంథాలయం మేడ మీది హాల్లో మేం ఇరవై మంది దాకా కలిసి సినిమా చూస్తాం. థియేటర్లో ఆడని సినిమాలు. రిటైరైన మాస్టార్లు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక సంగీతం టీచరు, ఎప్పుడూ సగం సినిమాకి వచ్చే ఒక హోమియో డాక్టరు. కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్లపంచె బిగించి, ప్రొజెక్టర్ పెట్టేది నేను. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అక్కడ పిల్లలు నా మాట వినరు, ఇంట్లో నేను మాట్లాడను. నెలకి ఆ ఒక్కపూటే నలుగురూ నావైపు చూసేది. అందుకని ఆ హాలంటే నాకు కొంచెం పిచ్చి.

సినిమా అయ్యాక ఒక పద్ధతి ఉంది. ప్రతి ఒక్కరూ తమకి తోచింది ఓ చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా మడిచి, బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. నేను ఒక్కోటీ తీసి పైకి చదువుతాను. పేర్లుంటే పెద్దవాళ్ళకి మొహమాటపడి అందరూ బాగుందనే అంటారని ఈ పద్ధతి పెట్టినవాణ్ణీ నేనే. రెండు నియమాలు కూడా పెట్టాను. ఎవరు రాశారో కూపీ లాగకూడదు. ఎవరి చీటీనీ వెక్కిరించకూడదు. డబ్బా మూత మీద ఈ రెండూ నా చేత్తోనే రాసి అంటించాను.

ఆ నెల నేను తెచ్చింది ఒక కౌబాయ్ సినిమా. నలుపు తెలుపుల్లో తీసింది, మామూలు కౌబాయ్ సినిమాలకి ఏ విధంగానూ పోలిక లేనిది. ఒక మనిషి తన అన్నని చంపినవాణ్ణి వెతుక్కుంటూ గుర్రమెక్కి బయల్దేరతాడు. ఇసకలో, రాళ్ళలో, గంటన్నర సేపు అలా పోతూనే ఉంటాడు. మాటలు తక్కువ. తుపాకీ నడుముకి ఉంటుంది గానీ ఒక్కసారి కూడా పేలదు. చివరికి ఆ పగవాడి ఇంటికి చేరితే, వాడు మంచం పట్టిన ముసలివాడు, ఎవరినీ గుర్తుపట్టే స్థితిలో లేడు. ఇతను సాయంత్రం దాకా వాకిట్లో కూర్చుని, లేచి గుర్రం దగ్గరికి పోయి, జీను విప్పి కంచె మీద వేసి, దాని పక్కన నేల మీద కూలబడతాడు. అంతటితో అయిపోతుంది. నేను అప్పటికే మూడుసార్లు చూశాను. దాని మీద మాట్లాడ్డానికి విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన్ని కూడా పిలిచాను, సినిమాల మీద పుస్తకాలు రాసిన ప్రొఫెసరు. అంతటివాడు మా మేడ మెట్లెక్కడం నాకు గొప్ప.

ఆ రోజే మా మామగారు కూడా వచ్చారు. నేను పిలవలేదు. గజపతినగరం దగ్గర పల్లెలో వ్యవసాయం ఆయనది. విజయనగరంలో కంటికి ఆపరేషన్ చేయించుకుని వారం రోజులుగా మా ఇంట్లో ఉన్నారు. నా భార్యకి ఏదో పేరంటం ఉండి, "మా నాన్నని తీసుకెల్లండి, ఒక్కరూ ఇంట్లో కూర్చోలేరు" అంది. ఆపరేషన్ నల్లకళ్ళద్దాలు, భుజాన తువ్వాలు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఆయన్ని వెనక వరసలో గోడవారగా కూర్చోబెట్టాను. ఆ కుర్చీ నేను ఊరికే ఎంచలేదు. ప్రొఫెసరు గారికి ఆయన్ని పరిచయం చెయ్యనూ లేదు.

సినిమా మొదలైన పది నిమిషాలకి నేను ప్రొజెక్టర్ దగ్గరికి వెళ్తుంటే మామగారు చొక్కా పట్టుకుని ఆపారు. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని ఉన్నారు.

"బాబూ, రంగులు నాకే అగుపడ్డం నేదా, బొమ్మే ఇలగున్నాదా?"

"బొమ్మే అంత మావయ్యా," అన్నాను విసుగ్గా.

"బతికించినావు," అన్నారు. కన్ను పోయిందేమోనని ఆ పది నిమిషాలూ ఆయన ఎంత హడలిపోయి ఉంటారో ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నాకు ముందు వరసలోంచి ఎవరైనా విన్నారేమోనన్న బెంగ తప్ప ఇంకేం లేదు.

తర్వాత చీటీలు. ఒకటి తీసి చదివాను: "కౌబాయ్ సినిమా అని పిలిచి తుపాకీ పేల్చకపోవడం మోసం." ఇంకోటి: "చాలాకాలానికి హాయిగా నిద్ర పట్టింది, నిర్వాహకులకి కృతజ్ఞతలు." ఇంకోటి: "ఆ ఇసక చూసి దాహం వేసింది, టీ తొందరగా ఇప్పించగలరు." "ఫొటోగ్రఫీ అద్భుతం, కథ వస్తుందేమోనని చివరిదాకా ఎదురుచూశాను." ఒక చీటీలో శూన్యం అన్న మాట మూడుసార్లు ఉంది. అది ప్రొఫెసరు గారిదని నాకు అర్థమై, దాన్ని భక్తిగా రెండుసార్లు చదివాను.

ఆ తర్వాత చేతికొచ్చింది పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. చూడగానే తెలిసిపోయింది. ఏటేటా మాకు పంపే బియ్యం బస్తాల మీద మా పేరు రాసే అక్షరాలే అవి. అందులో ఇలా ఉంది:

"ఈ సినిమా మనిసిది కాదు. గుర్రందు. అంత దూరం దాని మీద వచ్చినాడు. ఒక్కపాలి కూడా జీను ఇప్పనేదు. ఈడు తిన్నాడు, తాగినాడు, తొంగున్నాడు. దాని ఈపు మీద బరువు మాత్రం తియ్యనేదు. సివర్న ఇప్పినాడు. అప్పటికి మనిసయినాడు. అందుకే సినిమా ఆపీసినారు."

దాన్ని మామూలుగా చదివి పక్కన పెట్టొచ్చు. నేనలా చెయ్యలేదు. ఇది నా మనిషి రాసిందని ఎవరైనా పసిగడతారేమోనన్న భయం పట్టుకుంది. ఆ భయంలో, అది నాకు ఆమడ దూరమని చూపించుకోవాలనిపించింది. మా ఇళ్ళలో మాట్లాడే ఆ యాసని నేను కాలేజీ రోజుల నుంచి నోట్లోంచి గీకి గీకి తీసేసుకున్నవాణ్ణి. అదే యాసని ఆ రోజు బయటికి లాగి, సాగదీసి, పగటివేషగాడిలా చదివాను. "తొంగున్నాడు" దగ్గర ఆగి, కనుబొమ్మలెత్తాను. చదవడం అయ్యాక, "మన మధ్యకి పశువుల డాక్టరు గారెవరో వచ్చినట్టున్నారు," అన్నాను.

హాలంతా నవ్వింది. ప్రొఫెసరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నేను గోడవైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మామగారు అటూ ఇటూ అందరి మొహాలూ చూసి, కొంచెం ఆలస్యంగా తనూ నవ్వారు. తర్వాత నల్లకళ్ళద్దాలు పెట్టేసుకున్నారు.

ఇంటి గేటు దగ్గర ఆటో దిగాక అడిగారు.

"ఆ సీటీలు ఏటి సేస్తావు బాబూ?"

"పారేస్తాను మావయ్యా."

"అలగే," అని లోపలికి వెళ్ళిపోయారు. అన్నాల దగ్గర కూతురు అడిగితే ఆ గుర్రం సంగతి చెప్పారు గానీ, చీటీ సంగతి చెప్పలేదు.

నేను చీటీ పారెయ్యలేదు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చి లాప్‌టాప్‌లో ఆ సినిమా మళ్ళీ పెట్టాను, జీను ఒక్కటే చూస్తూ. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ మనిషి ఆగిన ప్రతిచోటా గుర్రం ఫ్రేములో ఓ మూల నిలబడే ఉంది, వీపు మీద బరువుతో. డైరెక్టరు దాన్ని అక్కడ కావాలనే నిలబెట్టాడు. మూడుసార్లు చూసిన నాకు అది కనపడలేదు. ఎడ్లని విప్పి, కడిగి, కుడితి పెట్టకుండా తను అన్నం ముట్టని మనిషికి, ఆపరేషనైన కంటితో, ఒక్కసారికే కనపడింది.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఇంత రాసి ఇది దాచితే ఇదంతా దండగ. ఒక మాసపత్రికకి వ్యాసం రాశాను. పేరు "విప్పని జీను." ఆయన తొమ్మిది వాక్యాల్లో చెప్పింది ఐదు పేజీలు చేశాను. భారం, విముక్తి, మూగజీవి దృక్కోణం అని పెద్ద మాటలు వేశాను. మామగారి ఊసు ఎక్కడా లేదు. అచ్చయిన వారానికి ప్రొఫెసరు గారు ఫోన్ చేసి, "ఎంత సునిశితంగా చూశారండీ, మా ఎవరికీ తట్టలేదు," అన్నారు. ఆ రోజు కళ్ళు తుడుచుకుని నవ్విన మనిషే.

"ఏదో అలా తట్టిందండీ," అన్నాను.

ఈ మూడు మాటలూ నేను అన్నవే. ఎవరూ నా నోట్లో పెట్టలేదు.

నా భార్య పత్రిక చదివి, "ఇది మా నాన్న ఆ రోజు సెప్పిందే కదా," అంది. పత్రిక మంచం మీద పెట్టి వెళ్ళిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

నెల తిరిగాక, కళ్ళజోడు కోసం మళ్ళీ పరీక్ష ఉందని మామగారిని తీసుకురావడానికి నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. మోకాళ్ళు పట్టేశాక ఎడ్లని తమ్ముడి కొడుక్కి ఇచ్చేసి, ఒక్క ఆవుని మాత్రం ఉంచుకున్నారు. నేను వెళ్ళేసరికి దాని ముందు కుడితి గోలెం పెడుతున్నారు. "కూసో బాబూ, దీనికి పెట్టీసి వస్తాను," అన్నారు. వచ్చి చేతులు కడుక్కుని, గూట్లోంచి పాలిథిన్ కవరు తీశారు. అందులో ఆ పత్రిక.

"మా బళ్ళో మేష్టారు ఇచ్చినారు. నీ పేరు సూసి పోల్చుకున్నారట. రెండుపాల్లు సదివించుకున్నాను." పత్రికని మోకాలి మీద పెట్టుకుని చేత్తో నిమిరారు. "ఆరోజు అందరూ నవ్వినారు కదా, నానేదో తప్పు రాసీసినాను, నీ పరువు తీసీసినాను అనుకున్నాను. నాలుగు రోజులు అన్నం సయించనేదు. ఇప్పుడు నువ్వూ అదే రాసినావు. అయితే నాను సరిగ్గానే సూసినాను."

ఇంక అక్కడ దాచలేకపోయాను. "మావయ్యా, అది నేను చూసింది కాదు. మీరు చెప్పిందే. మీ పేరు రాయాల్సింది, రాయలేదు. ఆ రోజు నవ్వించిందీ నేనే, మీ చీటీ అని తెలిసే," అన్నాను.

ఆయన నావైపు చూశారు. కోపం ఉందేమోనని వెతికాను, ఉంటే నాకు తేలికయ్యేది.

"నా పేరుంటే మల్లీ నవ్వుదురు బాబూ. నువ్వు రాసినావు గాబట్టి నవ్వనేదు. పోనీ, మాట నిలబడ్డాది," అన్నారు. లేచి పత్రికని మళ్ళీ కవర్లో పెట్టారు.

ఆయనకి పరీక్ష చేయించి, మళ్ళీ ఊళ్ళో దింపి, ఆ మాట తీసుకుని తిరిగొచ్చాను. తర్వాత సినిమా వేసే ఆదివారం, ఆటకి ముందు హాల్లో నిలబడి జరిగిందంతా చెప్పాను. చీటీ తీసి, ఈసారి సరిగ్గా, మా ఇంటి యాసలోనే, వెక్కిరింపు లేకుండా చదివాను. ఇది మా మామగారి మాట, నేను దొంగిలించాను అన్నాను. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. సంగీతం టీచరు గారు కళ్ళొత్తుకున్నారు. ఒక మాస్టారు నా భుజం తట్టి, ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుందండీ అన్నారు. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. అది తెలిసి అక్కడే తల దించుకున్నాను. దానికీ వినయం అనుకుని ఇంకాసేపు కొట్టారు.

ఇంటికొచ్చి మామగారికి ఫోన్ చేశాను. హాల్లో అందరికీ చెప్పానని, అందరూ ఆయన్ని చూడాలంటున్నారని, వచ్చే నెల సినిమాకి తప్పకుండా రావాలని, ముందు వరసలో కుర్చీ వేస్తానని చెప్పాను. ఆయన అంతా విన్నారు. అటువైపు ఆవు మెడలో గంట వినిపిస్తోంది.

"వస్తాను బాబూ, దానికేటి," అన్నారు. "సీటీ మాత్రం నువ్వే రాసీ."