తీపి చెయ్యి ఎవరిది

పరమిన్ కొండ మీద జీపు నడిపే థియోఫిల్ సంగతి చెప్పాలంటే ముందు ఆ దారి సంగతి చెప్పాలి. పై మలుపులో చెట్టు నుంచి రాలిన మామిడికాయ దొర్లుకుంటూ కిందికి చేరేసరికి రసం అయిపోతుంది, టెంక ఒక్కటే మిగులుతుంది. అంత నిటారు. ఫస్ట్ గేరు విరిగిన రోజున థియో జీపుని వెనక్కి తిప్పి, రివర్స్‌లోనే, ఆడవాళ్ళనీ వాళ్ళ ఉల్లికాడల మూటల్నీ కొండ కొసదాకా ఎక్కించాడు. ట్రినిడాడ్ మొత్తంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. థియోనే అందరికీ చెప్పాడు మరి.

కానీ ఆ మనిషి గర్వం జీపులో లేదు, కుడిచేతిలో ఉంది. క్రిస్మస్ వచ్చిందంటే ఎర్ర గోగుపూలు కోసి సారెల్ అనే పానకం కాచేది ఆ ఇంట్లో మగవాడే. అల్లం చితక్కొట్టి, దాల్చినచెక్క, లవంగాలు వేసి నీళ్ళు మరగబెడతాడు. పొయ్యి ఆర్పాకే పూలు వేస్తాడు. మూతపెట్టి మర్నాటిదాకా దాని జోలికి ఎవర్నీ పోనివ్వడు. తర్వాత పాతచీర లాంటి మెత్తని గుడ్డలో వడకట్టి, చక్కెర కలిపి, ఐసుగడ్డల మీద పోస్తే గ్లాసులో సాయంకాలపు ఆకాశం దిగినట్టుండేది. చక్కెర ఎప్పుడూ కొలవలేదు. చెయ్యి చెప్పినంత.

ఎవరి చేతిలో ఏది పడ్డా రుచి పుడుతుందో వాళ్ళది తీపి చెయ్యి అంటారు మా కొండ మీద. ఆ మాట అంత తేలిగ్గా ఎవరికీ ఇవ్వరు. థియో భార్య మర్సెలిన్ పెళ్ళికి ముందు వాళ్ళింటి వరండాలో కూర్చుని, థియో తెచ్చిన సారెల్ గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "ఓయ్ జీపబ్బాయ్, నీది తీపి చెయ్యి" అంది. అంతే, మనవాడు పడిపోయాడు. ఆ తర్వాత ఆ మాట ఆవిడ మళ్ళీ అనలేదు. అననక్కర్లేదనుకున్నాడు థియో. ఒకసారి ఇచ్చిన మాట ఒకసారి ఇచ్చినట్టేగా!

అలా ఉండగా పక్క చెలకలోకి ఎవారిస్ట్ వచ్చాడు. పెళ్ళాం పోయినవాడు, సన్నగా, పొడుగ్గా, ఎవరితో మాట్లాడినా టోపీ తీసి మాట్లాడేవాడు. ఆ టోపీ తియ్యడమే థియోకి మొదట్నించీ కిట్టలేదు. ఒక ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఆ మనిషి తన తోట పూలతో చేసిన సారెల్ కూజా నిండా పట్టుకొచ్చాడు. మర్సెలిన్ గ్లాసులో పోసుకుంది. ఐసు గలగలమంది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"అబ్బ! ఎవారిస్ట్, నీది తీపి చెయ్యయ్యా!"

థియో గుండెలో ఎవరో అల్లం చితక్కొట్టారు.

మర్నాడు ఆ కబురు జీపు కంటే ముందే కొండ దిగింది. ముందు సీట్లో కూర్చునే టాంటీ ఒడెట్ ఊరందరికీ అత్తమ్మ లాంటి పెద్దదిక్కు, నోటికి తాళం లేని మనిషి.

"ఏరా థియో, మీ ఇంట్లో చేతులు మారాయటగా?"

"ఏ చేతులు టాంటీ?"

"తీపి చేతులురా. నీది జీపు చెయ్యేనట ఇక."

వెనక సీట్లవాళ్ళు గొల్లుమన్నారు. థియో గేరు మార్చిన తీరుకి టాంటీ టోపీ ఎగిరి వెనక ఎవరి ఒళ్ళోనో పడింది.

ఆ వారమంతా అతనికి తిండి సహించలేదు. మర్సెలిన్ కంచె దగ్గర నిలబడితే "ఏం చూస్తున్నావ్?" అనేవాడు. ఆవిడ "కోడి" అంటే, ఆ కోడి ఎవరిదో కనుక్కునేదాకా ఊరుకునేవాడు కాదు. ఎవారిస్ట్ జీపెక్కితే మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఆరా తీసేవాడు.

"ఏం కలుపుతావోయ్ అందులో?"

"ఏముందన్నా, పూలు, నీళ్ళు, చక్కెర."

"అంతేనా?"

"అంతే. పూలదే గొప్ప, నాదేముంది."

అంత వినయంగా చెప్పేసరికి థియోకి ఇంకా మండింది. గొప్ప చెప్పుకుంటే తిట్టుకోవచ్చు. చెప్పుకోనివాణ్ణి ఏం చేస్తాం?

చివరికి చెయ్యకూడని పని చేశాడు. మా కొండ మీద ఒకరి పంటని గానీ పిల్లల్ని గానీ మెచ్చుకుంటే వెంటనే "దేవుడు చల్లగా చూడాలి" అనాలి. అనకపోతే మెచ్చుకోలే దిష్టి అవుతుంది. అందుకే చెలకల్లో వెదురుబొంగుకి నీలం సీసా తగిలిస్తారు, పాడుకన్ను మొదట దాని మీద పడాలని. థియో పొద్దున్నే కంచె దగ్గరికెళ్ళి, సీసా కంట పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నోరారా మొదలుపెట్టాడు.

"ఆహా! ఏం పూలోయ్ ఎవారిస్ట్! కొండకి నిప్పంటుకున్నట్టు! ఇంత కండపట్టిన పూలు నా జన్మలో చూళ్ళేదు. ఈ రంగేంటి, ఈ నిగనిగేంటి!"

ఎవారిస్ట్ మొక్కల మధ్య నిలబడి టోపీ తీసి, ఆ చివరి మాట కోసం చూశాడు. థియో ఆ మాటని నాలుక కింద దాచుకుని జీపెక్కి పోయాడు. ఆ రోజు కొండ దారంతా ఈలే ఈల.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వరండాలో గోనెసంచి. సంచి నిండా ఎర్ర గోగుపూలు. పక్కన ఎవారిస్ట్, టోపీ చేతిలో.

"అన్నా, నీ మనసు వీటి మీద పడిపోయింది. అంత ఆశపడ్డవి నేనుంచుకుంటే నా తోటకి మంచిది కాదు, నీకూ తీరదు. మొత్తం కోసి తెచ్చా."

అతను వెళ్ళాక మర్సెలిన్ చేతులు కట్టుకుని మొగుడి వంక చూసింది.

"మెచ్చుకున్నావా?"

"మెచ్చుకుంటే తప్పా?"

"చివర ఏమన్నావు?"

"ఏదో అన్నా. గుర్తులేదు."

"గుర్తులేదా? రివర్స్ గేరు కథ మాట పొల్లుపోకుండా చెప్తావే! సిగ్గులేదయ్యా, ముసలాడివయ్యే వయసులో పువ్వులకి దిష్టి పెడతావా?" అని సంచి అతని కాళ్ళ దగ్గరికి తోసింది. "కూర్చో. ఒలుచు. రేపు నాకు వీటి సారెల్ కావాలి."

థియో కూర్చున్నాడు. ఒక్కో పువ్వు మొదలు దగ్గర చాకుతో గాటుపెట్టి, లోపలి గింజకాయని బొటనవేలితో బయటికి తోస్తుంటే వేళ్ళు ఎర్రబారాయి, దొంగిలించిన కోడిని కోసినట్టు. పూలు నిజంగానే బాగున్నాయి. ముదరలేదు, నలగలేదు, ఒక్క పురుగు లేదు. అదే బాధ. సారెల్ బాగా కుదిరిందా, పూలు ఎవారిస్ట్‌వి. కుదర్లేదా, చెయ్యి తనది. ఏ వైపు దొర్లినా కిందే పడేట్టు ఇరుక్కున్నాడు.

మర్నాడు వడకట్టాక చక్కెర దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఆగని చెయ్యి! గుప్పెడు తీసి, సగం వెనక్కి పోసి, మళ్ళీ తీసి, నాకి చూసి, పక్కింటివాడి కళ్ళతో చూస్తున్నట్టు తన చేతినే తను చూసుకున్నాడు. చివరికి విసిగిపోయి కళ్ళు మూసుకుని వేసేశాడు.

మర్సెలిన్ తాగింది. ఏమీ అనలేదు. ఇంకో గ్లాసు పోసుకుంది. అదీ తాగింది. ఏమీ అనలేదు. తర్వాత కూజా నింపి, పైన పళ్ళెం బోర్లించి, "తీసుకెళ్ళి ఎవారిస్ట్‌కిచ్చి రా" అంది.

"నేనా?"

"మరి కోడి తీసుకెళ్తుందా?"

పది అడుగుల దూరానికి జీపు తియ్యలేడు కాబట్టి నడిచే వెళ్ళాడు. కొండంత బరువు మోస్తున్నట్టు. పూలన్నీ కోసేసిన ఆ చెలక బోడిగా, తల గొరిగించుకున్నట్టుంది. ఎవారిస్ట్ నిలబడే గ్లాసు తాగాడు. గ్లాసు అడుక్కి చూశాడు.

"మా ఆవిడ ఉన్నప్పుడు ఇలా ఉండేది," అన్నాడు. "నాకు ఇలా ఎప్పుడూ కుదర్లేదన్నా. నీది తీపి చెయ్యి."

వారమంతా థియో దేనికోసం వేగిపోయాడో ఆ మాట వచ్చింది. ఎవరి నోటినుంచి రాకూడదో వాళ్ళ నోటినుంచి! సంతోషపడదామంటే అన్నవాడు ఎవారిస్ట్. పడకుండా ఉందామంటే కాళ్ళు ఆగట్లేదు. ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మర్సీ! విన్నావా? ఎవారిస్ట్ ఏమన్నాడో తెలుసా? నాది తీపి చెయ్యట!"

"అన్నాడా?"

"నా మీద ఒట్టు! తాగి, గ్లాసు అడుక్కి చూసి మరీ అన్నాడు."

"బాగుంది. అతను అనేశాడుగా, ఇక నేనెందుకు అనడం?"

"అదేంటే! అతను వేరు, నువ్వు వేరు!"

"ఇద్దరం అంటే నువ్వు జీపులో పట్టవు."

"పోనీ అతని చెయ్యి గొప్పా, నా చెయ్యి గొప్పా? అదైనా చెప్పు!"

మర్సెలిన్ ఖాళీ గ్లాసు ముందుకు చాపింది. థియో కూజా వంచాడు. ఈసారి చుక్క కూడా ఒలకనివ్వలేదు. ఆవిడ మెల్లగా, తొందరేం లేనట్టు, ఆఖరి గుక్కదాకా తాగి, అడుగున మిగిలిన ఐసుగడ్డని నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది. థియో కూజా పట్టుకుని, ఆ ఐసు ఎప్పుడు అయిపోతుందా అని ఆవిడ నోటి వంకే చూస్తూ నిలబడ్డాడు.